దయ్యం పేరు మూడో పేజీలోనే చెప్పేస్తే ఎట్లా తమ్ముడూ?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకు 26 ఏళ్ళు. మాది గోదావరిఖని, హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం. నాన్న సింగరేణిలో చేసి రిటైర్ అయ్యారు. ఏడాదిన్నరగా ఒక హారర్ నవల రాస్తున్నాను. నోట్‌బుక్‌లో 140 పేజీలు అయ్యాయి. మొదటి మూడు అధ్యాయాలు ఎనిమిది సార్లు తిరగరాశాను. మొత్తం మూడు భాగాల ప్లాన్. మొదటి భాగం పాడుబడ్డ దొరల గడీలో దయ్యం, రెండోది ఊరి చివర మంత్రగత్తె, మూడోది కాకతీయుల కాలం నాటి శాపం. ఇన్‌స్పిరేషన్ అంతా హాలీవుడ్, కొరియన్ సినిమాలు. చదివిన ఫ్రెండ్స్ బాగుందంటున్నారు కానీ ఒక్కరికీ భయం వేయలేదట. తప్పెక్కడ ఉంది? ముందు పూర్తి చేయాలా, యాప్‌లో సీరియల్‌గా పెట్టాలా, పుస్తకం వేయాలా?" దీంతోపాటు మొదటి అధ్యాయం జత చేశాడు.

తమ్ముడూ, నీ అధ్యాయం రెండు సార్లు చదివాను. మొదటిసారి రాత్రి పదకొండింటికి, కావాలనే లైటు తగ్గించుకుని. భయం వేయలేదు, మీ ఫ్రెండ్స్ అబద్ధం చెప్పలేదు. రెండోసారి పొద్దున పెన్సిల్ పట్టుకుని చదివితే కారణం దొరికింది. పన్నెండు పేజీల్లో దయ్యం, ఆత్మ, ప్రేతం అనే మాటలు కలిపి ముప్పై నాలుగు సార్లు వచ్చాయి. 'భయంకరమైన' పదిహేడు సార్లు. మూడో పేజీలో నీ హీరో వంశీ బస్సు దిగగానే చాయ్ హోటలాయన "అటు వెళ్ళకండి బాబూ, ఆ గడీలో దయ్యం ఉంది" అనేశాడు. ఇక నాకేం మిగిలింది? డిపో నుంచి బయల్దేరిందని తెలిసిన బస్సు కోసం చూసినట్టు ఆ దయ్యం కోసం చూస్తూ కూర్చున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. హన్మకొండలో పద్దెనిమిదేళ్ళు డీటీపీ పని చేశాను. పెళ్ళి కార్డులు, థీసిస్‌లు, కవితా సంపుటాలు, ఎవరెవరి నవలలో టైపు చేశాను. ఇంకొకరి నవలని అక్షరం అక్షరం టైపు చేస్తే అది ఎక్కడ చచ్చిందో వేళ్ళకు తెలుస్తుంది. తర్వాత నేనూ రాశాను. ఐదు నవలలు అచ్చయ్యాయి, నాలుగు భయపెట్టేవే. అందులో ఒకటి భయపెట్టబోయి నవ్వించింది. దాని కథ కింద ఉంది.

ముందు ఆ చాయ్ హోటలాయన సంగతి చూద్దాం. ములుగు రోడ్డు మీద ఏ హోటల్లోనైనా ఎవరైనా "వెళ్ళకండి బాబూ" అంటారా? నేనైతే వినలేదు. నాకు తెలిసిన మనుషులు ఇట్లా అంటారు: "అటెందుకు సార్?" కాసేపు గ్లాసులు కడుగుతాడు. "ఏం లే. పొద్దు గూకకముందే రాండ్రి." అంతే. చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు, మళ్ళీ ముఖం వైపు చూడడు. ఇప్పుడు చదివేవాడికి ప్రశ్న పుట్టింది.

మన ఇళ్ళల్లో భయం గురించి ఎట్లా మాట్లాడతారో చెవి పెట్టి విను. చీకటి పడ్డాక పాము అనరు, పురుగు అంటారు. పురుగు ముట్టిందంటే పాము కరిచిందని. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం కొండెక్కుతుంది. పుస్తెలతాడు తెగితే పెరిగిందంటారు. ఒంటి మీద పొక్కులు వస్తే జబ్బు పేరు పలకరు, తల్లి పోసిందంటారు. గడప దాటేవాడు "పోతున్న" అన్నాడో, అమ్మ వెనక్కి పిలిచి "పోయొస్త" అనిపించుకుని గానీ వదలదు. మన జనానికి ఒక గట్టి నమ్మకం ఉంది: పేరు పలికితే అది వింటుంది, విన్నాక వస్తుంది. నువ్వు చూసే బయటి సినిమాల్లో దయ్యం పేరు కనుక్కుంటే దాన్ని ఓడించవచ్చు. మన దగ్గర ఉల్టా. పేరు పలికితే వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది.

నేను కాలేజీ చదివే రోజుల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రాత్రి ఒక ఆడమనిషి వచ్చి ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని, రాత చదువుకుని వెనక్కిపోయి మర్నాడు మళ్ళీ వస్తుందని పుకారు. మా వీధిలో ఇటుక ముక్కతో రాసినవాళ్ళున్నారు, జాజుతో రాసినవాళ్ళున్నారు. మా నాన్న ఇవన్నీ నమ్మనని రాయలేదు. కానీ రెండో రోజు రాత్రి అమ్మ రాస్తుంటే పక్కన టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు. గమనించావా, ఎవరూ "ఓ దయ్యమా" అని రాయలేదు. మర్యాదగా 'స్త్రీ' అన్నారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు రేపు రమ్మన్నారు. నాలుగే మాటలున్న ఆ వాక్యంలో ఉన్నంత వణుకు నా నాలుగు నవలల్లో కలిపినా లేదు.

నీ అధ్యాయంలో ఆరో పేజీ తీసుకుందాం. నువ్వు రాసింది ఇది:

"గడీలో భయంకరమైన నిశ్శబ్దం అలుముకుంది. అకస్మాత్తుగా వీచిన చల్లని గాలికి తలుపులు కిర్రుమన్నాయి. దూరంగా ఘల్లు ఘల్లుమని గజ్జెల చప్పుడు. తెల్లచీరలో ఒక స్త్రీ ఆకారం. వంశీ గుండె ఆగినంత పనైంది. అది దయ్యమే!"

నేనైతే ఆ చోట ఇట్లా రాస్తాను:

"వాచ్‌మన్ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చాడు. ఒకటి వంశీ చేతికిచ్చాడు. రెండోది వంటింటి గడప మీద పెట్టి, దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.
'అదెవరికి?'
'సల్లారుతది సార్, తాగుండ్రి.'
తొమ్మిదింటికి వాచ్‌మన్ తాళం చెవి ఇచ్చి ఊళ్ళోకి పోయాడు. గడప మీది గ్లాసు అట్లాగే ఉంది, మీగడ కట్టింది. పొద్దున వంశీ లేచేసరికి రెండు గ్లాసులూ కడిగి బోర్లించి ఉన్నాయి."

ఇదేదో గొప్ప రచన అనడం లేదు. గాలి లేదు, కిర్రుమనే తలుపు లేదు, దయ్యం అన్న మాటే లేదు. చదివేవాడు మాత్రం ఆ రాత్రి వంటింటి వైపు వెళ్ళడు. వాచ్‌మన్ వీపు తిప్పి కూర్చోవడం ఇందులో అసలు పని చేసేది. ఆయనకు అలవాటైపోయింది. అలవాటైపోయినవాడిని చూస్తే కొత్తగా వచ్చినవాడికి ఎక్కువ భయం వేస్తుంది.

గజ్జెల దగ్గర ఇంకో మాట. నీ దయ్యం గడీలో వెట్టి చేసి చచ్చిపోయిన పిల్ల అని తొమ్మిదో పేజీలో రాశావు. వెట్టి పిల్లకు గజ్జెలు కొనిచ్చిందెవరు? ఆ పిల్ల తెల్లచీర ఎక్కడిది? సినిమాది. ఇక్కడే నీ నవల చేజారింది. గడీని ఎంచుకోవడం మంచి పని, కానీ దాన్ని ఏదో సినిమా హవేలీలా చేశావు. మన గడీలకు బయటి నుంచి దయ్యాలను తేవాల్సిన అవసరం లేదు. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని పోయిన ఊళ్ళు ఇవి. "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న మాట పుట్టిన చోటు. దొర బిడ్డ పెళ్ళయి అత్తారింటికి పోతే సామానుతోపాటు ఒక పిల్లనూ పంపేవారు, ఆడబాప అనేవారు. ఆ పిల్ల ఇక జీవితమంతా ఆ గడీలోనే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలయ్యాడు. అప్పటిదాకా ఊరు గడీకి భయపడింది. ఆ తర్వాత గడీ ఊరికి భయపడడం మొదలైంది. నీ హీరో అడుగుపెట్టే ఇల్లు అది. ఆ ఇంట్లో తలుపు కిర్రుమంటే నాకేం లెక్క?

మా అమ్మమ్మ ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేది. "ఫలానా దొరసాని వెంబడి వచ్చినామె" అనేవారు. పేరేంటని అడిగాను ఒకసారి. అరుగు మీద కూర్చున్న నలుగురు ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన ఆమె చేతి గటుక తిని పెరిగినవాడు. ఆయనకూ తెలియదు.

నీ నవల ఇక్కడుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. తీసుకుంటే తీసుకో, లేకపోతే వదిలెయ్. మూడు భాగాలు పక్కన పెట్టి ఒకే నవల రాయి, అది కూడా తొమ్మిది రోజుల కథగా. పెత్రమాస పొద్దున మొదలుపెట్టు. ఆ రోజు ఇంటింటా చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు కదా. హైదరాబాద్ నుంచి వచ్చిన గడీ వారసులు అయ్యగారి ముందు కూర్చుని తాత పేరు, నానమ్మ పేరు, పెద్దనాన్న పేరు వరసగా చెబుతారు. అయ్యగారు విస్తరి జరుపుతూ "ఇంకెవరన్న ఉన్నరా?" అని అడుగుతాడు. ఇంట్లో అందరికన్నా పెద్దామె కాసేపు ఊరుకుని "లేరు" అంటుంది. ఆ 'కాసేపు' మీద మొత్తం నవల నిలబడుతుంది.

అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి సద్దుల బతుకమ్మ దాకా నీకు తొమ్మిది రాత్రులు దొరికాయి. ప్రతి రాత్రికీ దాని పేరు ఉంది, ఆరోది తప్ప అన్నింటికీ నైవేద్యమూ ఉంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ అలిగిందని పూలు పేర్చరు, ఆట ఆడరు. ఊరంతా తొందరగా తలుపులు వేసుకుంటుంది. ఆ రాత్రి చెరువు కట్ట మీది నుంచి చప్పట్లు వినబడితే? ముందు దూరంగా, వరసగా, ఆట వరస తప్పకుండా. పాట లేదు, ఒక్క చప్పట్లే. పెద్దామె వాకిట్లోకి వచ్చి వింటూ నిలబడుతుంది. మనవరాలు "ఎవరు నానమ్మా?" అంటే "ఎవరు లేరు, లోపటికి నడువు" అంటుంది. పెత్రమాస నాడు అన్న మాటే మళ్ళీ. ఇది రాస్తుంటే నాకే వీపు మీద చల్లగా అయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తంగేడు, గునుగు పూలు పేర్చడం నీకు చేతకాకపోతే మీ అమ్మనో అక్కనో పక్కన కూర్చుని చూడు. గునుగు తెల్లగా ఉంటుంది, రంగు నీళ్ళలో ముంచి ఎరుపు, నీలం చేస్తారు. వేళ్ళకు ఆ రంగు రెండు రోజులు పోదు. ఇట్లాంటి ఒక్క వివరం నీ 'భయంకరమైన' పదిహేడింటి పెట్టు. ఆ పిల్ల పేరు చివరికి చెప్పాలా వద్దా అన్నది నేను చెప్పను. అది నీ నవల.

ఇప్పుడు రెండో భాగం, ఊరి చివర మంత్రగత్తె. దాన్ని నువ్వు అనుకున్నట్టు మాత్రం రాయకు. ఇది సలహా కాదు, బతిమాలుతున్నాననుకో. నీ ప్లాన్‌లో ఒంటరి ముసలావిడ నిజంగానే చేతబడి చేస్తుంది, ఊరి పిల్లలను చంపుతుంది, చివరికి ఊరు ఆమెను తగలబెడితే పీడ పోతుంది. మన జిల్లాల్లో ఇది కల్పన కాదు. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టారు, కాల్చారు, పళ్ళు పీకారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకదని నమ్మకం.

నేను ఏడో తరగతి. దసరా సెలవులకు అమ్మమ్మ ఊరు పోయాను. అంతకుముందు వారం రెండు దూడలు చచ్చాయి, ఒక పిల్లవాడికి జ్వరం తగ్గడం లేదు. ఎవరో ఒక పేరు అన్నారు. రోజూ మా ఇంటికి చల్ల తెచ్చి పోసే ముసలమ్మ పేరు. నేను చూసింది మర్నాడు పొద్దున. అరుగు మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు ఎర్రగా ఉంది, ఈగలు ముసురుతుంటే రెండో చేత్తో తోలుకుంటోంది. ఎవరూ దగ్గరికి పోలేదు, మా అమ్మమ్మ సహా. నెల తర్వాత సంగతి అమ్మ చెప్పింది: అదే వాడకట్టు మళ్ళీ ఆమె దగ్గరే చల్ల పోయించుకుంటోందట. ఆమె కూడా పోస్తోందట. ఇన్నేళ్ళుగా హారర్ రాస్తున్నాను, దాన్ని మించిన భయం నాకు తట్టలేదు.

కాబట్టి ఆ భాగం రాయాలనిపిస్తే గుంపును రాయి. దూడ చచ్చింది, జ్వరం తగ్గలేదు, ఇంకా ఎవరూ పేరు అనలేదు. కల్లు దుకాణం దగ్గర, బోరింగు దగ్గర, సగం సగం మాటలు. ఊరంతా ఒక పేరు కోసం వెతుకుతోంది. చదివేవాడికి ఆ పేరు ఎవరి మీద పడుతుందో తెలిసిపోతుంది, పుస్తకంలోకి దూకి ఆపలేడు. పైన పేరు పలకొద్దని ఎందుకంత చెప్పానో ఇక్కడ నీకు అర్థమవుతుంది.

మూడో భాగం, కాకతీయ శాపం. వదిలెయ్. 1323లో ఓరుగల్లు కోట పడింది. ఏడు వందల ఏళ్ళుగా ఎండలో ఆరి ఆరి ఆ శాపం పొడిబారిపోయింది. కోట లోపల ఇప్పుడూ ఇళ్ళున్నాయి, బడి పిల్లలు తోరణాల పక్క నుంచే సైకిళ్ళ మీద పోతారు. వాళ్ళను శాపం గురించి అడిగితే నవ్వుతారు. ఇంకో సంగతి, నిధులు, శాపాలు అని రాస్తే గుప్తనిధుల పేరుతో గుళ్ళు తవ్వేవాళ్ళకు ఊతం ఇచ్చినట్టు. అది నాకు నచ్చదు.

అన్నట్టు, వాతావరణం కోసం రాత్రిపూట పాడుబడ్డ గడీలో ఒంటరిగా కూర్చున్నానని రాశావు. ఇంకోసారి ఆ పని చేయకు. అక్కడ దయ్యాలుండవు, పురుగులుంటాయి. పిచ్చిచెట్లు కమ్మిన బావి ఉంటుంది. పగలు పో, తోడు తీసుకుని పో. గోడకు ఏ ఎత్తున దీపం గూడు ఉందో, వంటింటి నుంచి వాకిలి ఎన్ని అడుగులో కొలుచుకుని రా.

ఇక ప్రోగ్రెస్ గురించి. ఏడాదిన్నరలో 140 పేజీలు రాశాననుకుంటున్నావు. నా లెక్కలో నువ్వు రాసింది మూడు అధ్యాయాలు, ఎనిమిది సార్లు. తిరగరాస్తుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది, టీ తాగి మళ్ళీ టీ పెట్టుకున్నట్టు. నేనూ రెండేళ్ళు అట్లా తిరిగాను. చివరికి ఒక ఉపాయం పని చేసింది. రాసిన పేజీలను కవర్లో పెట్టి మా చెల్లెలికి ఇచ్చేశాను, నవల అయ్యేదాకా అడిగినా ఇవ్వొద్దని. మార్చాలనిపించినవన్నీ వేరే చిన్న పుస్తకంలో ఒక్కో లైను రాసుకుంటూ ముందుకు పోయాను.

లెక్క చూసుకో. డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి సుమారు రెండు వందల మాటలు పడతాయి. రెండు వందల పేజీల నవల అంటే నలభై వేల మాటలు. రోజుకు నాలుగు వందలు, వారానికి ఐదు రోజులు రాస్తే ఇరవై వారాలు. ఉద్యోగం చేసేవాడికి ఇది పెద్ద బరువేం కాదు. నేను పొద్దున ఐదింటికి నల్లా రాకముందు రాసేదాన్ని. నీళ్ళు వస్తే లేవాలి కాబట్టి సోకులు పోకుండా రాత సాగేది. రాత్రి రాస్తేనే హారర్ వస్తుందన్నది ఒట్టి మాట. రాత్రి రాస్తే నిద్ర వస్తుంది.

యాప్‌లో సీరియల్ సంగతి. ప్రతిలిపి లాంటి చోట చదివేవాళ్ళు నిజంగానే ఉన్నారు, తక్కువ చేసి మాట్లాడను. కానీ పూర్తి కాని నవలను మాత్రం పెట్టకు. ఒక భాగానికి రేటింగ్ తగ్గిందా, టెన్షన్ పడి ఎనిమిదో రాత్రి రావాల్సిన దయ్యాన్ని మూడో రాత్రికే లాక్కొస్తావు. 1980ల వారపత్రికల సీరియళ్ళదీ ఇదే తిప్పలు, ప్రతి వారం చివర ఎవరో తలుపు కొట్టాలి. అవి కట్టలుగా నా చేతిలో పడినప్పుడు తలుపు చప్పుళ్ళు లెక్కపెట్టి నవ్వుకునేదాన్ని. ఇంకో చిక్కు ఉంది. మన పత్రికలు పెట్టే నవలల పోటీల్లో ఎక్కువగా "ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు" అని హామీ పత్రం అడుగుతారు. సోషల్ మీడియాలో పెట్టినా లెక్కలోకి వస్తుంది. ముందు పూర్తి చేసి, పోటీకి పంపి, ఫలితం వచ్చాక యాప్‌లో పెట్టుకో.

పుస్తకం విషయంలో నా నవ్వులపాలు కథ విను. నా రెండో నవల యూనికోడ్‌లో టైపు చేసి ప్రెస్సుకిచ్చాను. వాళ్ళు పేజ్‌మేకర్ కోసం అను ఫాంట్లలోకి మార్చారు. ఆ మార్పులో కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. నవల నిండా ఒక గుడ్డి దీపం ఉంటుంది, పాత ఇంట్లో మినుకు మినుకుమంటూ. అది పదకొండు చోట్ల 'గుడి దీపం' అయింది. "గుడి దీపం వెలుగులో ఆమె పళ్ళు మెరిశాయి" అని అచ్చయింది. ఒక పెద్దాయన ఫోన్ చేసి భక్తి నవల బాగుందమ్మా అన్నాడు. పద్దెనిమిదేళ్ళు డీటీపీ చేసినదాన్ని, నా సొంత పుస్తకం చివరి ప్రూఫు చూడలేదు. అయిదు వందల కాపీలు వేయించాను. మూడు వందలు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. కాబట్టి మొదటిసారి డిజిటల్ ప్రింట్‌లో వంద కాపీలు చాలు. ఫాంటు మారిన ప్రతిసారీ మొత్తం ప్రూఫు, అది కూడా కాగితం మీద, పైకి చదువుతూ. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు కోసం ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో నువ్వే అప్లై చేసుకోవచ్చు.

ఇన్‌స్పిరేషన్ దగ్గరికి వస్తే, ఆ సినిమాలు చూడు, నాకేం అభ్యంతరం లేదు. అయితే ఒకసారి ఒగ్గు కథ రాత్రంతా కూర్చుని విను. డోలు ఎక్కడ ఆపుతారో చూడు. అరగంట చెవులు పగిలేలా కొట్టి, ఒక్క మాట ముందు టక్కున ఆపేస్తారు. ఆ మాట మామూలుగా, పక్కింటాయన చెప్పినట్టు చెబుతారు. పేరా ఎక్కడ తెంచాలో నాకు నేర్పింది ఆ డోలు. హన్మకొండలోనే ఉన్నావు కాబట్టి 1904లో పెట్టిన గ్రంథాలయం, రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం గుమ్మం కూడా ఒకసారి ఎక్కు.

అన్నింటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది ఏమిటంటే, నాన్న బొగ్గుబాయిలో చేశారని ఒక్క ముక్క రాసి వదిలేశావు. కొరియా దాకా పోయినవాడివి మీ ఇంటి మంచం దాకా రాలేదు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును రాడ్‌తో తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, పొర విడిపోయి ఉంటే బోలుగా, పగిలిన కుండలా పలుకుతుంది. అంగట్లో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అట్లా. ఇక్కడ మాత్రం ఆ కుండ కింద మనిషి నిలబడి ఉంటాడు. కప్పుకు ఆనించిన కర్ర దుంగలు విరిగే ముందు మూలుగుతాయి, పాతవాళ్ళు ఆ మూలుగు విని పరుగెత్తేవారు. మీథేన్‌కు వాసన లేదు, రంగు లేదు. పాత సేఫ్టీ దీపంలో మంట మీద లేత నీలం టోపీ కనిపిస్తే అది వచ్చి పక్కన నిలబడిందని లెక్క. దీన్ని మించిన దయ్యాన్ని నువ్వూ నేనూ పుట్టించగలమా? షిఫ్టు అయ్యాక ల్యాంప్ రూంలో దీపాలన్నీ వెనక్కి రావాలి. ఒకటి తక్కువ వస్తే ఒక మనిషి ఇంకా లోపలున్నట్టు. ఒకటి ఎక్కువ వస్తే? అది నీ రెండో నవల, నేను తీసుకోను.

నేను చెప్పినవన్నీ విన్న సంగతులు. మీ నాన్న అయితే తన చేత్తో తట్టి చూసిన మనిషి. ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు ఫోన్ రికార్డింగ్ పెట్టకుండా ఊరికే పక్కన కూర్చో. దయ్యాల గురించి అడగకు. తట్టినప్పుడు ఏ చప్పుడు వస్తే వెనక్కి వచ్చేవారని అడుగు. చెబుతూ చెబుతూ ఆయన ఒక చోట ఆగి, "సరే గని, తిన్నవా?" అంటారు. అప్పుడు ఇంకో ప్రశ్న వేయకు. తిను. బస్సెక్కాక, ఆయన ఏ మాట దగ్గర ఆగారో అది రాసుకుని నాకు పంపు.